సిస్టిక్ ఫైబ్రోసిస్ ఉన్న బిడ్డ సీరం కణాలను చంపుతుందంటున్నారు, ఆ పరీక్ష చేయించాలా?

పెన్నాతీరం_తండ్రి
మాది ప్రొద్దుటూరు. మా బాబుకు ఆరో యేడు నడుస్తోంది. పాలు మాన్పించినప్పటి నుంచి దగ్గు వదలడం లేదు. ఎంత తిన్నా ఒంటికి పట్టదు, మలం జిడ్డుగా నూనె తేలినట్టు వస్తుంది. మొదట ఒక ఆసుపత్రిలో క్షయ అనుకుని కోర్సు మొత్తం మందులు వాడించారు, గుణం కనిపించలేదు. ఈ మధ్య బెంగళూరులో స్కానింగ్ చూసిన డాక్టరు సిస్టిక్ ఫైబ్రోసిస్ కావచ్చని అనుమానించి చెమట పరీక్ష రాసిచ్చారు. మేము ఆ ప్రయత్నంలో ఉండగానే ఒక ప్రైవేటు పరీక్షా కేంద్రం తరఫున ఒకాయన ఇంటికి వచ్చారు. బాబు రక్తంలోంచి సీరం, అంటే రక్తం గడ్డకట్టాక పైన తేరే నీరు, తీసి ల్యాబులో పెంచిన కణాల మీద వేస్తారట, ఎన్ని కణాలు చస్తే రక్తంలో అంత విషం ఉన్నట్టు లెక్కట, ఆ లోపం తల్లి వైపు నుంచి వచ్చిందా తండ్రి వైపు నుంచి వచ్చిందా అన్నది కూడా దాంట్లోనే తేలిపోతుందట. వారు అడుగుతున్న సొమ్ము నా నెల జీతంలో సగానికి పైనే ఉంది. నమ్మకం కలగడానికి ఒక పాత విదేశీ పరిశోధన వ్యాసం జిరాక్సు కూడా ఇచ్చి వెళ్లారు. ఆ మాటలు విన్న మా అమ్మ అప్పటి నుంచి బాబు కంచం, గ్లాసు వేరుగా పెడుతోంది. నాకు డబ్బు పోతుందన్న బాధ కంటే ఇదే ఎక్కువగా ఉంది. ఈ పరీక్ష నిజమైనదేనా, తెలిసినవారు వివరంగా చెప్పగలరు.

పిల్లల_వైద్యురాలు_కర్నూలు
ముందు కంచం సంగతి. సిస్టిక్ ఫైబ్రోసిస్ అంటువ్యాధి కాదు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చొప్పున లోపమున్న జన్యు ప్రతులు రెండూ బిడ్డకు చేరినప్పుడే ఈ వ్యాధి వస్తుంది. కలిసి తిన్నా, ఒకే మంచం మీద పడుకున్నా, ముద్దు పెట్టుకున్నా ఇంట్లో వాళ్లకు అది రాదు. మీ అమ్మగారికి ఈ రోజే చెప్పండి, కావాలంటే డాక్టరమ్మ చెప్పిందని చెప్పండి. రక్తపరీక్ష సంగతి కణాలతో పనిచేసేవారు నా కంటే బాగా చెప్పగలరు. నా వైపు నుంచి ఒక్క మాట: రోగ నిర్ధారణకు ఆ పరీక్షను ఏ వైద్య మార్గదర్శకమూ సూచించడం లేదు.

కణశాల_అనంతపురం
నేను అనంతపురంలో కణ వర్ధనం, అంటే ల్యాబులో కణాలను పెంచడం, మీద పరిశోధన చేస్తున్నాను. ఆయన మీకిచ్చిన జిరాక్సు బహుశా నిజమైనదే అయి ఉంటుంది. దాన్ని మీకు అమ్ముతున్న తీరే అబద్ధం. ఎందుకో కొంచెం వివరంగా రాస్తాను.

ఈ వ్యాధిని 1938లో డొరొతీ ఆండర్సన్ అనే వైద్యురాలు క్లోమానికి సంబంధించిన ప్రత్యేక వ్యాధిగా వర్ణించారు. ఆ తరువాత యాభై ఏళ్ల పాటు మూలకారణం ఎవరికీ చిక్కలేదు. ఊపిరితిత్తులు, క్లోమం, కాలేయం, చెమట గ్రంథులు, ఇన్ని చోట్ల ఒకేసారి చెడుతున్నాయంటే అన్నిటికీ చేరే రక్తంలోనే ఏదో హానికర పదార్థం తిరుగుతూ ఉండాలని చాలామంది శాస్త్రవేత్తలు ఊహించారు. అప్పటికి అది తెలివితక్కువ ఊహ కాదు. 1967లో అలెగ్జాండర్ స్పాక్ బృందం ఈ రోగుల సీరాన్ని కుందేలు వాయునాళపు ముక్కల మీద వేసి చూసింది. ఆ నాళపు లోపలి పొర మీద శైలికలు, అంటే సన్నని వెంట్రుకల్లాంటివి, ఉంటాయి. మామూలుగా అవన్నీ ఒకే తాళంలో అలలాగా కదులుతూ శ్లేష్మాన్ని పైకి నెడతాయి. రోగుల సీరం తగిలాక ఆ తాళం చెదిరిపోయిందని వారు ప్రకటించారు. రెండేళ్లకు, 1969లో, బార్బరా బౌమన్ బృందం ఆల్చిప్పల మొప్పల మీద కూడా శైలికలు ఆగిపోవడం చూశామని చెప్పింది. అంతకు ముందే 1968లో డేన్స్, బెర్న్ అనే ఇద్దరు రోగుల చర్మం నుంచి ఫైబ్రోబ్లాస్టు కణాలను పెంచి, టొలుయిడిన్ బ్లూ రంగు వేసినప్పుడు ఆ కణాల లోపల రంగు మారిన రేణువులు కనిపించాయని, ఈ వ్యాధికి అదే కణస్థాయి గుర్తు కావచ్చని రాశారు.

ఆ పైన డెబ్బైలలో అనేక ల్యాబులు ఇదే పనిలో పడ్డాయి. సీరంలో ఏది ఉంది, దాన్ని ఎలా వేరుచేయాలి, వాహకులను, అంటే జబ్బు లేకుండా లోపమున్న ప్రతి ఒక్కటే ఉన్నవారిని, దాంతో కనిపెట్టవచ్చా అని ఎంతో శ్రమ పడ్డారు. ఫలితాలు మాత్రం నిలకడగా రాలేదు. ఒక ల్యాబులో కనిపించినది మరొక ల్యాబులో కనిపించలేదు. ఆ రంగు రేణువులు వేరే జబ్బుల వాళ్ల కణాల్లోనూ, ఏ జబ్బూ లేనివాళ్ల కణాల్లోనూ కనిపించాయి. 1989లో ఈ వ్యాధికి కారణమైన జన్యువు దొరికాక ఆ అన్వేషణ చాలావరకు ఆగిపోయింది. కాబట్టి మీ చేతిలో ఉన్నది చరిత్రలో ఒక పుట. దాన్ని చూపించి ఈ రోజు ఒక తండ్రి దగ్గర డబ్బు తీసుకోవడం నాకు సహించరానిదిగా ఉంది.

జీవరసాయనం_పీజీ
కర్నూలు నుంచి ఆల్చిప్పల కోసం నెల్లూరు దాకా పోవాలేమో అనుకుంటూ చదివాను, కానీ విషయం చాలా ఆసక్తిగా ఉంది. నేను ఎమ్మెస్సీ చివరి సంవత్సరంలో ఉన్నాను. సీరం వేసి కణాలు చస్తాయో లేదో చూడడం మా ప్రాజెక్టుకు తీసుకోవచ్చా?

పాత_సంచికలు
కణశాల గారు ఆ కాలపు పనిని కొంచెం తొందరగా పక్కన పెట్టారని నాకు అనిపిస్తోంది. నేను పాత పత్రికలు చదివే అలవాటున్నవాణ్ణి. స్పాక్ బృందం ఆ ప్రభావాన్ని రోగుల్లోనే కాక వారి తల్లిదండ్రుల సీరంలో కూడా చూసింది. తల్లిదండ్రులు ఆరోగ్యంగా ఉంటారు, వారికి ఊపిరితిత్తుల ఇన్ఫెక్షనూ ఉండదు, మందుల వాడకమూ ఉండదు. జబ్బు ముదరడం వల్ల సీరం మారిందని రోగుల విషయంలో అనవచ్చు, తల్లిదండ్రుల విషయంలో ఏమంటారు? పాతబడినంత మాత్రాన ఏ పరిశీలనా తప్పయిపోదు.

లెక్కల_మాస్టారు_ఆదోని
పాత_సంచికలు గారి ప్రశ్న సరైన ప్రశ్న. అయితే దానికి ముందు అడగవలసింది ఇంకొకటి ఉంది. శైలికల తాళం చెదిరిందని ఎవరు నిర్ణయించారు? సూక్ష్మదర్శినిలోంచి చూస్తున్న మనిషి కన్నే నిర్ణయించింది. ఏ సీసాలో ఎవరి సీరం ఉందో ఆ మనిషికి తెలిస్తే, తనకు తెలియకుండానే అనుకున్నదే కనిపిస్తుంది. అది మోసం కాదు, మనిషి స్వభావం. సీసాలకు అంకెలు వేసి, తాళంచెవి లాంటి ఆ జాబితాను మూడో మనిషి దగ్గర దాచి, లెక్క అంతా ముగిశాకే విప్పాలి. విడివిడి ల్యాబుల ఫలితాలు పొసగనప్పుడు నేను మొట్టమొదట చూసేది ఇదే.

కణశాల_అనంతపురం
పాత_సంచికలు గారి ప్రశ్న నుంచి నేను తప్పించుకోను. తల్లిదండ్రుల ఫలితమే ఆ రోజుల్లో అందరినీ ఆకర్షించింది. వాహకులను కనిపెట్టే పరీక్ష దొరికినట్టే అనుకున్నారు. ఆ తరువాత ఉబ్బసం వంటి ఇతర జబ్బులున్న వాళ్ల సీరంలోనూ, కొందరు ఆరోగ్యవంతుల సీరంలోనూ అలాంటి ప్రభావమే కనబడడంతో అది ఈ ఒక్క జన్యువుకు గుర్తుగా నిలవలేదు.

కానీ నన్ను పూర్తిగా ఒప్పించినవి రెండు వేరే విషయాలు. మొదటిది 1983లో పాల్ క్వింటన్ చేసిన పని. ఆయన కూడా ఈ వ్యాధితోనే పుట్టిన శాస్త్రవేత్త. చర్మంలోంచి సూక్ష్మమైన చెమట నాళాలను వేరుచేసి ఉప్పునీటి ద్రావణంలో ఉంచి కొలిచారు. రోగుల నాళాలు క్లోరైడ్‌ను తమ గోడల గుండా పోనివ్వలేదు. అక్కడ రోగి రక్తం లేదు, సీరం లేదు, నాళం ఒక్కటే ఉంది. అయినా లోపం లోపంగానే ఉంది. రెండోది ఊపిరితిత్తుల మార్పిడి. ఈ వ్యాధి ముదిరినవారికి దాత ఊపిరితిత్తులు అమర్చినప్పుడు, కొత్త ఊపిరితిత్తుల్లో కూడా తిరిగేది ఆ రోగి రక్తమే. ఏళ్ల తరబడి తిరుగుతుంది. అయినా దాత కణాల్లోకి సిస్టిక్ ఫైబ్రోసిస్ రాదు. సైనసులు, పై వాయునాళం రోగివే కాబట్టి అక్కడ నుంచి సూక్ష్మజీవులు దిగడం, శరీరం తిరస్కరించడం లాంటి వేరే ఇబ్బందులు ఉంటాయి, కానీ మూల లోపం మాత్రం కొత్త ఊపిరితిత్తుల్లో పుట్టదు. రక్తంలో తిరిగే విషమే కారణమైతే ఇది జరిగే పని కాదు కదా.

పెన్నాతీరం_తండ్రి
మార్పిడి సంగతి చదివాక నా మనసు చాలా తేలికపడింది. మరి లోపం ఎక్కడ ఉన్నట్టు? మా అమ్మకు అర్థమయ్యేలా చెప్పగలిగితే చాలు.

పిల్లల_వైద్యురాలు_కర్నూలు
మన చెరువు కట్టకు తూము ఉంటుంది కదా. తూము తలుపు బిగుసుకుపోతే చెరువులో నీళ్లు బాగానే ఉన్నా కింద కాలువ ఎండిపోయి బురద పేరుకుంటుంది. బాబు శరీరంలో కొన్ని కణాల పొర మీద ఉండే అలాంటి తూము సరిగా తయారు కాలేదు. దాని పేరు సీఎఫ్‌టీఆర్. ఏడో క్రోమోజోము మీది జన్యువు దాన్ని తయారుచేయిస్తుంది, 1480 అమైనో ఆమ్లాలున్న పెద్ద ప్రొటీను అది. క్లోరైడ్, బైకార్బొనేట్ అందులోంచి పోవాలి, వాటితో నీరు పోవాలి. పోకపోతే ఊపిరితిత్తుల్లో తెమడ చిక్కబడుతుంది, క్లోమం నాళాలు పూడిపోయి తిన్న కొవ్వు అరగదు. అందుకే దగ్గు, అందుకే ఆ జిడ్డు మలం. రక్తం చెడలేదు. అమ్మగారికి ఈ మాట చెప్పి బాబును ఆమె ఒళ్లో కూర్చోబెట్టండి.

గుంతకల్లు_అమ్మ
మా పాపకు ఈ వ్యాధి ఉందని తేలి కొన్నేళ్లయింది, ఇప్పుడు బడికి పోతోంది. మా ఇంట్లో కూడా మొదట్లో రక్తం మార్పించాలని ఒకరు, ఆకుపసరు పోయించాలని ఒకరు అన్నారు. తూము మాట ఎవరైనా అప్పుడే చెప్పి ఉంటే ఎంతో బాగుండేది. పెన్నాతీరం గారూ, ఒకటి గమనించండి. ఎండాకాలంలో మీ బాబు నల్ల చొక్కా వేసుకుని ఆడుకుని వచ్చాక, ఆరిన చొక్కా వీపు మీద, చంకల కింద తెల్లటి చారలు కడుతున్నాయా? మా పాపకు మెడ వెనక వేలితో గీస్తే సన్నని పొడి రాలేది. నుదుటి మీద ముద్దు పెడితే పెదవికి ఉప్పగా తగిలేది. మేము అది మా ఎండల మహిమ అనుకున్నాము.

పెన్నాతీరం_తండ్రి
ఉంది. స్కూలు యూనిఫాం కాలరు మీద కూడా ఉంటుంది. మా ఆవిడ సబ్బు సరిగా పోలేదేమోనని రెండుసార్లు ఉతికేది.

పిల్లల_వైద్యురాలు_కర్నూలు
ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి, మన జిల్లాల్లో ఇది ప్రాణాల మీదికి వచ్చే విషయం. మామూలు మనిషి చెమట గ్రంథిలో ఉప్పు పుట్టినా నాళంలో తిరిగి లోపలికి పీల్చుకోబడుతుంది. ఈ పిల్లల్లో ఆ పీల్పు జరగదు, ఉప్పు చెమటతో బయటికి పోతుంది. 1948లో న్యూయార్కులో తీవ్రమైన వడగాడ్పు వీచినప్పుడు డస్సిపోయి ఆసుపత్రికి వచ్చిన పిల్లల్లో ఈ వ్యాధి ఉన్నవారు ఎక్కువగా కనిపించారు. ఆ పరిశీలన వెంట వెళ్లిన పాల్ డి సాంట్‌ఆగ్నీస్ 1953లో వీరి చెమటలో ఉప్పు విపరీతంగా ఉంటుందని చూపించారు. అనంతపురం, కర్నూలు, కడపల్లో ఏప్రిల్, మే నెలలు ఎలా ఉంటాయో మీకు చెప్పక్కర్లేదు. పసిబిడ్డ నీరసంగా వాలిపోయి, వాంతులు చేసుకుంటూ, పరీక్షలో సోడియం, పొటాషియం, క్లోరైడ్ పడిపోయి రక్తం క్షారగుణం వైపు మొగ్గి కనిపిస్తే ఈ వ్యాధిని తలచుకోవాలి. చాలాసార్లు వడదెబ్బ అని రాసి పంపేస్తారు. నీళ్లు మాత్రమే తాగిస్తే సోడియం ఇంకా పలచబడుతుంది. ఓఆర్‌ఎస్, ఉప్పు వేసిన మజ్జిగ, డాక్టరు చెప్పిన మేరకు అదనపు ఉప్పు ఇవ్వాలి.

ఈ ఉప్పు మీదే అసలు పరీక్ష నిలబడింది. 1959లో గిబ్సన్, కుక్ దాన్ని స్థిరపరిచారు. చేతి మీద పైలోకార్పిన్ మందును అతి తక్కువ విద్యుత్తుతో చర్మంలోకి పంపి చెమట పట్టిస్తారు, నొప్పి ఉండదు, సూది ఉండదు. అరగంట పాటు చెమటను సేకరించి క్లోరైడ్ కొలుస్తారు. లీటరుకు 60 మిల్లీమోల్‌లు, అంతకు మించి ఉంటే వ్యాధి ఉన్నట్టు బలమైన ఆధారం. 30 కంటే తక్కువైతే అవకాశం చాలా తక్కువ. మధ్యలో వస్తే మళ్లీ చేసి, జన్యు పరీక్షతో కలిపి చూడాలి. వెల్లూరు, ఢిల్లీ ఎయిమ్స్ లాంటి చోట్ల ఈ వ్యాధి మీద చాలాకాలంగా పని జరుగుతోంది. ఎక్కడ చేయించినా, తరచుగా చేసే అలవాటున్న చోటే చేయించండి. సేకరించిన చెమట ఆరిపోతే ఉప్పు చిక్కబడి తప్పుడు అంకె వస్తుంది, చాలినంత చెమట రాకపోతే ఆ ఫలితాన్ని లెక్కలోకి తీసుకోకూడదు.

జీవరసాయనం_పీజీ
నా ప్రాజెక్టు ప్రశ్న మధ్యలో పోయింది. ఆ పరీక్షా కేంద్రం చెప్పినట్టు సీరం వేస్తే నిజంగా కణాలు చావవా? నేను ఒకసారి సాధన కోసం ఎలుక కణాల మీద మామూలు మనిషి సీరం వేసినప్పుడు చాలా చచ్చిపోయాయి.

కణశాల_అనంతపురం
పోలేదు, మీ చివరి వాక్యమే ఈ చర్చకు గుండెకాయ. ఆరోగ్యవంతుడి తాజా సీరం కూడా ఎలుక, కుందేలు, హామ్‌స్టర్ కణాలను చంపగలదు. ఆ జంతువుల కణాల పొర మీద ఉండే ఒక చక్కెర నిర్మాణం మనిషి కణాల మీద ఉండదు కాబట్టి, దానికి వ్యతిరేకమైన ప్రతిరక్షకాలు మనందరి రక్తంలో సహజంగానే ఉంటాయి. అవి అంటుకుంటాయి, సీరంలోని కాంప్లిమెంట్ ప్రొటీన్లు వచ్చి ఆ కణానికి చిల్లులు పొడుస్తాయి. అంటే ఆ పరీక్షా కేంద్రం వాడే కణాలు జంతువులవైతే, ఈ చర్చలో ఉన్న మనందరి రక్తమూ విషమే అని రిపోర్టు వస్తుంది.

కాంప్లిమెంట్‌ను ఆపడానికి సీరాన్ని 56 డిగ్రీల వద్ద 30 నిమిషాలు వేడిచేస్తారు. ప్రతిరక్షకాలు దాంతో పోవు. వేడికి మీరు వెతుకుతున్న పదార్థమే చెడిపోవచ్చు కూడా. అందుకని వేడిచేసినదీ, చేయనిదీ రెండూ పక్కపక్కన పెట్టాలి. జంతు కణాలు వద్దు, మనిషి వాయునాళపు పొర నుంచి వచ్చిన కణవంశం ఏదైనా తీసుకోండి. ఎర్రమూత గొట్టంలో రక్తం తీసి, గడ్డకట్టనిచ్చి, సెంట్రిఫ్యూజ్ చేసి, పైన తేరిన సీరాన్ని చిన్న చిన్న భాగాలుగా చేసి మైనస్ 80లో పెట్టండి. ఒకే గొట్టాన్ని పదే పదే కరిగించి గడ్డకట్టిస్తే పనికిరాదు. సీరం గులాబీ రంగులో ఉంటే ఎర్రకణాలు పగిలాయని అర్థం, దాన్ని పక్కన పడేయండి.

కొలవడం గురించి. చాలామంది ఎమ్‌టీటీ అనే రంగు పరీక్ష ఒక్కటే చేసి చేతులు దులుపుకుంటారు. పసుపు రంగు లవణాన్ని బతికున్న కణం ఊదా రంగు స్ఫటికాలుగా మారుస్తుంది, దాన్ని కరిగించి 570 నానోమీటర్ల వద్ద చదువుతాము. అయితే అది కణం చురుకుదనాన్ని కొలుస్తుంది. కణం చావకుండా పెరుగుదల మందగించినా రంగు తగ్గుతుంది, చచ్చినట్టే కనిపిస్తుంది. అందుకని పొర చిరిగితే కణంలోంచి బయటికి కారే ఎంజైము అయిన ఎల్‌డీహెచ్‌ను కూడా కొలవాలి. అక్కడ ఇంకొక చిక్కుంది: సీరంలోనే ఎల్‌డీహెచ్ ఉంటుంది. కణాలు లేని ప్లేటు గుంతల్లో అదే సీరం వేసి ఆ అంకెను తీసివేయకపోతే, సీరం పాళ్లు పెంచిన కొద్దీ కణాలు ఎక్కువ చచ్చినట్టు చక్కటి గీత వస్తుంది. ఆ గీతను నేను ఎన్నో రిపోర్టుల్లో చూశాను. చచ్చిన కణాలకే పట్టే ట్రైపాన్ బ్లూ రంగు వేసి కొన్ని గుంతలనైనా కంటితో లెక్కపెట్టండి. 96 గుంతల ప్లేటు అంచు వరసల్లో నీరు ముందుగా ఆవిరవుతుంది, మన ఎండల్లో కరెంటు పోయి ఇన్‌క్యుబేటర్ తేమ తగ్గిన రోజున ఇంకా ఎక్కువ. అంచు గుంతల్లో ఉత్త ద్రావణం పోసి లోపలి గుంతల్లోనే ప్రయోగం చేయండి. కణాల్లో కనబడకుండా పెరిగే మైకోప్లాస్మా అనే సూక్ష్మజీవి ఉందో లేదో పరీక్ష చేయని కణాలతో మొదలే పెట్టకండి.

లెక్కల_మాస్టారు_ఆదోని
పోలికకు ఎవరి సీరం పెడతారో అది కూడా చెప్పండి. ఆరోగ్యవంతులైన పిల్లలను మాత్రమే పెడితే, తేడా వచ్చినా అది ఈ వ్యాధిదా లేక దీర్ఘకాలంగా జబ్బుపడి ఉండడానిదా అన్నది తేలదు.

పిల్లల_వైద్యురాలు_కర్నూలు
మాస్టారు గారి మాటే నాదీ. ఈ వ్యాధి లేకుండా ఊపిరితిత్తుల నాళాలు వ్యాకోచించి చీము పట్టే పిల్లలు మన దగ్గర ఉన్నారు, క్షయ తరువాత అలా అయినవారూ ఉన్నారు. వారే సరైన పోలిక. ఎందుకంటే సిస్టిక్ ఫైబ్రోసిస్ పిల్లల సీరం నిజంగానే వేరుగా ఉంటుంది. సూడోమొనాస్ లాంటి సూక్ష్మజీవులు ఊపిరితిత్తుల్లో తిష్ఠ వేయడం వల్ల ప్రతిరక్షకాలు పెరిగి ఉంటాయి. కొవ్వు అరగక ఎ, ఇ విటమిన్లు, లినోలిక్ ఆమ్లం తగ్గి ఉంటాయి. టోబ్రామైసిన్ లాంటి యాంటీబయోటిక్ మందు ఆ వారం సూదిగా తీసుకుని ఉండవచ్చు. వీటిలో ఏ ఒక్కటైనా పెట్రీ పళ్లెంలోని కణాన్ని ఇబ్బంది పెట్టగలదు. ఇవి జబ్బు వల్ల వచ్చిన మార్పులు. వీటిని జబ్బుకు కారణంగా చదివితే మొదటికే మోసం. ఇంకో మాట, పిల్లల రక్తం ఒక్క చుక్క తీయాలన్నా సంస్థాగత నైతిక కమిటీ అనుమతి, తల్లిదండ్రుల రాతపూర్వక అంగీకారం ముందుగా ఉండాలి.

పాత_సంచికలు
అయినా సీరంలో వెతకడం పూర్తిగా వృథా పోలేదని నా అభిప్రాయం. ఆ వెతుకులాటలోనే రోగులలోనూ వాహకులలోనూ ఎక్కువగా ఉంటుందంటూ ఒక ప్రొటీను పట్టుబడింది, దానికి సిస్టిక్ ఫైబ్రోసిస్ యాంటిజెన్ అని పేరు పెట్టారు. 1987లో దాని జన్యువును వేరుచేసి చూస్తే ఒకటో క్రోమోజోము మీద ఉంది, ఈ వ్యాధి జన్యువేమో ఏడో దాని మీద ఉందని అప్పటికే తెలుసు. అది కారణం కాదని తేలిపోయింది. కానీ ఆ ప్రొటీను తెల్ల రక్తకణాలదని, వాపు ఉన్నచోట పెరుగుతుందని అర్థమయింది. ఈ రోజు పేగుల్లో వాపు ఉందో లేదో చూడడానికి మలంలో కొలిచే కాల్‌ప్రొటెక్టిన్‌లో అది సగభాగం. తప్పు దారి అన్నారు కదా, ఆ దారిలోనే దొరికింది.

కణశాల_అనంతపురం
దారి తప్పని నేను అనను, గమ్యం అక్కడ లేదంటాను. వాపు ఎంత ఉందో తెలుసుకోవడానికి సీరం పనికొస్తుంది, ఆ మేరకు మీతో ఏకీభవిస్తాను. రోగ నిర్ధారణకు, వాహకుల గుర్తింపుకు పనికిరాదు. అక్కడ మీరూ నాతో ఏకీభవిస్తారనే అనుకుంటున్నాను.

పాత_సంచికలు
నిర్ధారణ విషయంలో ఏకీభవిస్తాను. ఒక తండ్రి దగ్గర డబ్బు గుంజడానికి స్పాక్ వ్యాసాన్ని వాడడం నన్ను మీ కంటే ఎక్కువ బాధిస్తోంది.

జీవరసాయనం_పీజీ
అయితే కణ వర్ధనానికి ఈ వ్యాధిలో ఇప్పుడు చోటే లేదా?

కణశాల_అనంతపురం
చాలా పెద్ద చోటుంది, ప్రశ్న మారింది అంతే. 1990లోనే రోగుల కణాల్లోకి మంచి సీఎఫ్‌టీఆర్ జన్యువును పంపితే క్లోరైడ్ కదలిక తిరిగి వచ్చిందని రెండు బృందాలు చూపించాయి. లోపం కణంలోనే ఉందనడానికి అంతకంటే ఏం కావాలి. ఇప్పుడు ఏ జన్యు మార్పు ఉన్నవారికి ఏ మందు పనిచేస్తుందో కణాల మీదే చూస్తున్నారు. ఎలుక థైరాయిడ్ కణాల్లో ఒక్కొక్క మార్పు ఉన్న సీఎఫ్‌టీఆర్‌ను పెట్టి, ఐవాకాఫ్టర్ మందు వేసి, క్లోరైడ్ ప్రవాహం పెరిగిందా అని కొలిచారు. ఆ ల్యాబు ఫలితాలను ఆధారం చేసుకుని 2017లో అమెరికా ఔషధ సంస్థ మరెన్నో అరుదైన మార్పులున్న రోగులకు ఆ మందును అనుమతించింది. నెదర్లాండ్స్‌లో రోగి పురీషనాళం నుంచి చిటికెడు కణజాలం తీసి చిన్న గోళాలుగా పెంచుతారు. ఆ తూమును తెరిపించే ఫోర్‌స్కోలిన్ వేస్తే మంచి సీఎఫ్‌టీఆర్ ఉన్న గోళం నీరు నింపుకుని ఉబ్బుతుంది, లోపమున్నది ముడుచుకుని అలాగే ఉంటుంది, మందు వేశాక అదీ ఉబ్బితే ఆ రోగికి ఆ మందు పనికొచ్చే అవకాశం ఉంది. 2013 నుంచి ఈ పద్ధతి మీద పని జరుగుతోంది. మన ప్రాంతపు పిల్లల్లో పాశ్చాత్య దేశాల్లో కనిపించని మార్పులు ఉంటాయి కాబట్టి మనకు ఇలాంటి పరీక్ష ఇంకా అవసరం. మీరు చదువు కొనసాగిస్తే ఈ వైపు రండి.

గుంతకల్లు_అమ్మ
ఆ మందుల ధర ఎంతో చెబితే గుండె ఆగుతుంది. 2019లో మూడు మందుల కలయిక వచ్చిందని తెలిసినప్పుడు మేమిద్దరం రాత్రంతా మాట్లాడుకున్నాము, తెల్లవారాక ధర చూసి ఊరుకున్నాము. ఈ వ్యాధి పేరు 2021 జాతీయ అరుదైన వ్యాధుల విధానంలో ఉంది, అది మాలాంటి వాళ్లకు చేరేదాకా ప్రతి తల్లీ తండ్రీ అడుగుతూనే ఉండాలి. ప్రస్తుతానికి మా పాపను నిలబెట్టింది భోజనంతో పాటు వేసే ఎంజైము గుళికలు, పొద్దునా సాయంత్రం నెబ్యులైజరుతో పీల్చే ఉప్పునీటి తుంపర, ఆ తరువాత వీపు మీద తట్టి తెమడ దింపడం. గుళిక మొదటి ముద్దతోనే పడాలి, అన్నమంతా తిన్నాక వేస్తే సగం ఫలం పోతుంది. గుళికలోని గింజలను నమలనివ్వకండి.

పెన్నాతీరం_తండ్రి
ఆ పరీక్షా కేంద్రం ఆయనకు వద్దని ఫోనులో చెప్పేశాను. జన్యు పరీక్ష చేయిస్తే అయినా చెప్పగలరు కదా, తల్లి వైపా తండ్రి వైపా అని ఆయన మళ్లీ అదే మాట తెచ్చారు. చెమట పరీక్షకు తేదీ దొరికింది. అమ్మకు తూము సంగతి చెప్పాను, ఏమీ అనలేదు, కానీ ఈ పొద్దు బాబుకు తన కంచంలోనే కలిపి పెట్టింది. ఇంకొక్క ప్రశ్న. మాది మేనరికం, మా ఆవిడ నా మేనత్త కూతురు. మా చెల్లెలికి కూడా మా మేనత్త కొడుకుతోనే సంబంధం అనుకుంటున్నారు. వాళ్లిద్దరూ ముందే ఏదైనా పరీక్ష చేయించుకోవాలా?

పిల్లల_వైద్యురాలు_కర్నూలు
తల్లి వైపా తండ్రి వైపా అన్న ప్రశ్నే అనవసరం, బాబుకు వ్యాధి ఉంటే మీ ఇద్దరి నుంచీ ఒక్కొక్క ప్రతి వచ్చినట్టే, అందులో ఎవరి తప్పూ లేదు. మీ ఇద్దరికీ పుట్టబోయే ప్రతి బిడ్డకూ ఈ వ్యాధి రావడానికి నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది, కనుక రెండో బిడ్డ ఆలోచన ఉంటే ముందే మాట్లాడాలి.

చెల్లెలి విషయంలో మీరు అడగడం చాలా మంచిదయింది. క్రమం ఇలా ఉండాలి. ముందు బాబుకు చెమట పరీక్ష. అది ఎక్కువగా వస్తే బాబుకు సీఎఫ్‌టీఆర్ జన్యువు మొత్తం చదివే పరీక్ష. పాశ్చాత్యుల్లో తరచుగా కనిపించే కొన్ని మార్పులను మాత్రమే చూసే కిట్లతో మనవాళ్ల మార్పులు దొరకకుండా పోతాయి, అందుకని మొత్తం చదవాలని రాయించుకోండి. మేనరికంలో రెండు ప్రతుల్లోనూ ఒకే మార్పు ఉండడం తరచుగా జరుగుతుంది. ఆ మార్పు ఏమిటో కాగితం మీద చేతికొచ్చాక మీ ఇద్దరికీ, ఆపైన మీ చెల్లెలికీ ఆ అబ్బాయికీ ఆ ఒక్క మార్పు ఉందో లేదో చూస్తే చాలు, ఖర్చు కూడా తగ్గుతుంది. ఇద్దరిలో ఒక్కరికే ఉంటే వారి పిల్లలకు మీ కుటుంబంలోని ఈ మార్పు వల్ల వ్యాధి వచ్చే అవకాశం దాదాపు ఉండదు. ఇద్దరికీ ఉంటే జన్యు సలహా ఇచ్చే వైద్యుల దగ్గర కూర్చుని మాట్లాడాకే ముందుకు పోవాలి. ముహూర్తం పెట్టించే ముందే ఈ పని పూర్తి చేయించండి. రక్తం పంపేటప్పుడు ఫారం మీద మేనరికం అని, బాబు వయసు, లక్షణాలు స్పష్టంగా రాయించడం మరవకండి, చదివేవారికి అది చాలా అవసరం.